రైలు దెయ్యం, మా పిన్ని పెళ్లి

కిందటి ఆదివారం పిన్నీ బాబాయీ ఉక్కునగరం నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చారు. వాళ్ళబ్బాయికి స్టీలు ప్లాంటులో ఉద్యోగం, ఇద్దరూ వాడి క్వార్టర్సులోనే ఉంటారు. మాది గోపాలపట్నం, పట్టాలకు బాగా దగ్గర. ఎప్పుడూ బండ్ల మోతేనని వచ్చినవాళ్ళందరూ విసుక్కుంటారు గాని, బాబాయికి మాత్రం ఆ మోత కోసమే మా ఇల్లంటే ఇష్టం. గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. రాగానే చెప్పులు విప్పి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, బయటికి తిరిగి కూర్చుంటాడు. పిన్ని తిన్నగా వంటింట్లోకి వస్తుంది. ఆ రోజూ అలాగే వచ్చి గుమ్మడికాయ పులుసు మూత తీసి, "బెల్లం ఎక్కువైపోనాదే పద్మా," అంది, ఇంకా గరిటె ముట్టుకోకుండానే. డెబ్బై దాటినా పిన్ని ముక్కు పని మానలేదు.

భోజనాలయ్యాక మా మనవరాలు మౌనిక టీవీలో ఏదో కొత్త దెయ్యం సినిమా పెట్టింది. దానికి ఇరవై రెండేళ్ళు, దెయ్యాల సినిమాలంటే ప్రాణం. పిన్ని అయిదు నిమిషాలు చూసి పెదవి విరిచింది. "ఇదేటి దెయ్యమే, పిల్లి కూనలాగ. మా రోజుల్లో ఓ రైలు దెయ్యం సినిమా వచ్చినాది. అది సూడాల. మీ మామ్మని అడుగు, పదిరోజులు పెరట్లోకి ఒక్కత్తీ ఎల్లలేదు." పేరేమిటని మౌనిక అడిగింది. అది ఇంగ్లీషు సినిమా, ఆ పేరు మాకు అప్పుడూ తెలియదు. పిన్నీ నేనూ కలిసి గుర్తున్నవి చెప్పాం: మంచు కొండలు, రైలు, చివరి పెట్టెలో ఒంటరిగా గార్డు, సొరంగం వచ్చినప్పుడల్లా ఒక మనిషి తక్కువ. మౌనిక అవన్నీ ఫోనులో కొట్టింది. కాఫీ కలిపి తెచ్చేలోపల ఆ సినిమా మా టీవీలో ఆడుతోంది. యాభై ఏళ్ళు దాటాక అదే పొగ, అదే కూత, అదే పొడుగు కోటు. ఈసారి కింద అక్షరాలు కూడా పడుతున్నాయి. మౌనిక వాటిని చదివి మాకు తెలుగులో చెబుతూ కూర్చుంది.

అరగంట గడిచాక నల్ల గౌను వేసుకున్న ఒకావిడ పెట్టె గుమ్మంలో నిలబడి కళ్ళనీళ్ళతో చూసింది. "అదిగో," అంది పిన్ని, కాఫీ గ్లాసు పక్కన పెట్టి. "ఆ గార్డు పెళ్ళాం. అదే దెయ్యం."

"పెళ్ళాం కాదు తాతమ్మా, డాక్టరు," అంది మౌనిక. "మంచులోంచి ఏదో పాత రోగం బయటపడిందంట. అది మనిషిలోంచి మనిషిలోకి పాకేస్తోందని చెప్పడానికి బండెక్కింది."

"సరిగ్గా సదువు."

"సరిగ్గానే చదివాను. అసలు పెళ్ళే అవలేదని ఇందాక ఆ గార్డే చెప్పాడు కదా."

పిన్ని నా వైపు చూసింది, నేను పిన్ని వైపు చూశాను. ఆ నల్ల గౌను ఆవిడ గార్డు పెళ్ళామన్న నమ్మకం మీద మా ఇంట్లో ఒక పెళ్ళి ఆగిపోబోయింది. ఆ కథ మాకు చెప్పింది మా అమ్మమ్మ. సినిమాలో ఆ కథ లేనే లేదన్నమాట. పిన్ని ముందు నవ్వడం మొదలుపెట్టింది, తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. మౌనికకు ఏమీ అర్థం కాలేదు. దానికి ఆ మధ్యాహ్నం చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మేం కంచరపాలెంలో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక పెరడు, పెరట్లో నుయ్యి, గోడ అవతల రైలు పట్టాలు. నాన్న పోర్టులో ఇనప ఖనిజం ఓడల్లోకి ఎత్తే చోట క్రేను నడిపేవాడు. డ్యూటీ దిగి వస్తే కనురెప్పల దాకా ఎర్రదుమ్మే. అమ్మ ఆయన్ని గుమ్మంలోనే ఆపి, పక్క సందులోంచి నూతి దగ్గరికి పంపేది. ఆయన చొక్కాలు వేరే బకెట్లో నానేవి, ఆ నీళ్ళు పారబోసిన చోట మా పెరటి నేల కావిరంగు పూసినట్టు ఉండేది. మా ఇంటికి ఎవరు వచ్చినా మొదట తగిలే వాసన ఆ తడి ఇనప దుమ్ము, దాని వెనకే మా అమ్మమ్మ చుట్ట. అమ్మమ్మది భీమిలి పక్క ఊరు. అడ్డపొగ తాగేది, అంటే చుట్ట వెలిగే కొసను నోట్లో పెట్టుకుని, ఆరిన కొసను బయటికి ఉంచి పీల్చేది. ఆ వైపు ఆడవాళ్ళలో చాలామందికి అలవాటది. నోట్లో నిప్పు పెట్టుకుని కూడా తగువులాడగలిగిన మనిషిని నేను ఆవిణ్ణి తప్ప ఇంకెవరినీ చూడలేదు.

పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు సత్యవతి, మాతోనే ఉండేది. అమ్మకూ పిన్నికీ పన్నెండేళ్ళ ఎడం. అందుకని పిన్ని నాకు పిన్నిలా కాక అక్కలా ఉండేది. అప్పుడు తను టైపు నేర్చుకుంటోంది. ఇన్‌స్టిట్యూట్లో మిషను ముందు కూర్చునేది రోజుకు ఒక గంటే, మిగతా రోజంతా వేళ్ళు ఊరుకునేవి కావు. రుబ్బురోలు అంచు మీద, అన్నం తింటుంటే కంచం పక్కన, జడ వేస్తుంటే నా వీపు మీద టకటకా కొట్టేస్తుండేది. "నా ఈపు మీద ఏటి రాత్తన్నావు?" అంటే, "నీ పెళ్ళి శుభలేఖ," అనేది. నాకు పద్నాలుగేళ్ళు. ఆ మాటకి నేను అలిగేదాన్ని, తను ఇంకా గట్టిగా కొట్టేది.

అలాంటి రోజుల్లో పిన్నికి ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు పైడిరాజు, శృంగవరపుకోట దగ్గర పల్లె, రైల్వేలో గూడ్సు గార్డు. కొండల మీంచి పోర్టుకి ఖనిజం తెచ్చే బండ్లలో డ్యూటీ. తల్లీ తండ్రీ లేరు, అన్న ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఫొటోలో బిగుసుకుపోయి ఉన్నాడు గాని మొహం బాగుంది. అమ్మ ఫొటో ఇచ్చి ఏమంటావని అడిగితే పిన్ని, "మీ ఇట్టం," అనేసి లోపలికి పోయింది. అప్పటి ఆడపిల్లలకి నచ్చినా అదే మాట, నచ్చకపోయినా అదే మాట. నచ్చిందని నాకు ఎలా తెలిసిందంటే, ఆ సాయంత్రం నా వీపు మీద టైపు చాలా నెమ్మదిగా సాగింది. "మన ఇంట్లో ఒక ఎర్ర మనిసి సాలడనా, ఇంకోడిని తెత్తన్నారు," అని కూడా అంది, నవ్వుతూ. వచ్చే ఆదివారం పెళ్ళిచూపులకు రమ్మని నాన్న కబురు పెట్టాడు.

సరిగ్గా ఆ వారంలోనే మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న హాల్లో ఉదయం ఆటకి ఈ సినిమా వేశారు. అప్పటికే పాత సినిమా, ఎన్నో ఊళ్ళు తిరిగి గీతలు పడిపోయి వచ్చింది. గోడమీద బొమ్మలో మంచుకొండల మధ్య రైలు, దాని పైన తెల్లగడ్డం పెద్దాయన. అమ్మమ్మ ఆ బొమ్మ చూసి అదేదో కాశీయాత్ర కథ అనుకుంది. తెల్లగడ్డం ఆయన్ని ఋషి కింద జమకట్టింది. "పుణ్యం పురుషార్థం, పదండే," అని పిన్నినీ నన్నూ బయల్దేరదీసింది. అమ్మ రానంది. ఆ గడ్డం ఆయన తెరమీదికి వచ్చిన పది నిమిషాల్లో పచ్చి మాంసం తినడం చూసి అమ్మమ్మ ఒక్కసారి, "రామ రామ," అంది. లేచి వచ్చేద్దామా అని నేను అడిగితే మాత్రం, "ఉండవే గుంటా, ఇంతదూరం వచ్చి," అని నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

ఆ హాలుకి రేకుల కప్పు. వెనక గోడకి ఆనుకున్నట్టే రైలు లైను. ఉదయం ఆట గనక తలుపు సందుల్లోంచి ఎండ పడి తెర మీద గీతలు వచ్చేవి. బెంచీల మీద నూనె మరకలు, గాల్లో బీడీల పొగ, పకోడీల వాసన. అంత వెలుతురులో కూడా ఆ సినిమా మమ్మల్ని భయపెట్టింది. ముఖ్యంగా ఒక చోటు. చివరి పెట్టెలో గార్డు ఒక్కడూ కూర్చుని రొట్టె తింటుంటాడు. పక్కన లాంతరు ఊగుతుంటుంది. బండి సొరంగంలోకి వెళ్తుంది. తెరంతా నలుపు. చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు, అది కూడా ఎంతకీ అవదు. బండి బయటికి వచ్చేసరికి లాంతరు ఊగుతూనే ఉంది, కొరికిన రొట్టె నేలమీద ఉంది, మనిషి లేడు. అంతే చూపించారు. నెత్తురు లేదు, కోరల్లేవు. హాల్లో ఉన్నవాళ్ళమంతా ఒకళ్ళమీద ఒకళ్ళం పడ్డాం.

తర్వాత నల్ల గౌను ఆవిడ కనపడింది. ఇంగ్లీషు ముక్క రాని అమ్మమ్మ అక్కడి నుంచి కథ అందుకుంది. "అదిగో సూడు, అది ఆడి పెళ్ళాం. ఆ కళ్ళు సూడు. ఎన్నాళ్ళు ఏడిత్తే అలగైపోతాయి కళ్ళు? ఈడు బండెక్కి ఎల్లిపోనాడు, ఇది గుమ్మంలో కూకున్నాది. వత్తాడు వత్తాడని కూకునీ కూకునీ అలాగే సచ్చిపోనాది. సచ్చిపోనాక టిక్కెట్టు అక్కర్లేదు కదా, బండెక్కీసింది." ముందు బెంచీలో వాళ్ళు మొదట ఉష్ అన్నారు. కాసేపటికి వెనక్కి వాలి వినడం మొదలెట్టారు. ఇంటర్వెల్లో ఒకాయన అమ్మమ్మకి పకోడీల పొట్లం ఇచ్చి, "తర్వాతేటవుద్ది మామ్మా?" అని అడిగాడు. రెండో సగం మా వరసంతా సినిమాని అమ్మమ్మ నోటి మీదుగానే చూసింది. ఆ దెయ్యం మిగతావాళ్ళని ఎందుకు తీసుకుపోతోందని ఎవరో అడిగితే, "ఆళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవులో ఎదురు సూత్తంటారు కదా, అందుకు," అని చెప్పింది. అంత నమ్మకంగా చెప్పింది.

నేను ఇంటికి వచ్చాక కూడా వణుకుతూనే ఉన్నాను. పిన్ని మాత్రం వణకలేదు. ఆ మధ్యాహ్నం అమ్మ చింతపండు పిక్కలు తీస్తుంటే పక్కన కూర్చుని, తనూ నాలుగు పిక్కలు తీసి, "అప్పా," అంది, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు, "నాను ఆ సంబందం సేసుకోను."

అమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి విని, ఎర్ర మొహంతోనే పగలబడి నవ్వాడు. "దెయ్యం సినిమా సూసి పెళ్ళి మానీడమేటి? రేపు ఓడ సినిమా సూసి నన్ను పోర్టు మానీమంతారా?" పిన్ని మాట మార్చలేదు. నన్ను మాత్రం నూతి దగ్గరికి పిలిచి చెప్పింది. "నువ్వూ బావలాగే అనుకుంటన్నావేటి, దెయ్యం వచ్చి పట్టుకుంతాదని నాకు బయమని? అది కాదే. నానే అలగైపోతానేమోనని బయం. గుమ్మంలో కూకుని, ఆ కళ్ళేసుకుని." నాకు సగమే అర్థమైంది. ఆ పూట తన వేళ్ళు నూతి గట్టు మీద ఊరికే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న వంటింట్లో అమ్మ అమ్మమ్మ మీద విరుచుకుపడింది. "నీ కథంతా దానికెందుకు సెప్పీసినావమ్మా?"

"నాను సినిమా కథే సెప్పినాను."

"కలకత్తా మిల్లుకెల్లిన మా అయ్య కోసం నువ్వు గుమ్మంలో కూకున్నది సినిమా కథేటి?"

అమ్మమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. దాన్నే చూస్తూ కూర్చుంది. మా తాతయ్య కలకత్తాలో జూట్ మిల్లులో పనిచేసేవాడు. అప్పట్లో మా వైపు మగవాళ్ళు చాలామంది అలాగే వెళ్ళేవారు. ఆయన ఏడాదికో నెల వచ్చేవాడు, కొన్నేళ్ళు అదీ లేదు. అమ్మకూ పిన్నికీ మధ్య పన్నెండేళ్ళ ఎడం అందుకే. చివరికి ఒక ఏడాది ఆయన బదులు ఆయన బట్టల పెట్టె వచ్చింది. ఇదంతా నాకు అమ్మ తర్వాత చెప్పింది. అమ్మమ్మ తన నోటితో ఎన్నడూ చెప్పలేదు. ఎదురుచూడటం గురించి ఆవిడ మాట్లాడటం నేను విన్నది ఆ సినిమాలోనే.

ఆదివారం పెళ్ళిచూపులకు పిల్లకి జ్వరమని నాన్న కబురు పంపాడు. ఇక వాళ్ళే అర్థం చేసుకుంటారని అనుకున్నాం. కాని ఆ ముందు రోజే, శనివారం పొద్దున్న ఎనిమిది గంటలకి గుమ్మంలో ఒక ఎర్ర మనిషి నిలబడ్డాడు. నాన్న అనుకుని అమ్మ, "ఆగక్కడ, సందులోంచి రా," అని కేకేసింది. ఆ మనిషి బుద్ధిగా సందులోంచి నూతి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నాన్న అప్పటికే పోర్టులో ఉన్నాడని అమ్మకి గుర్తొచ్చేసరికి ఆయన రెండు అనాసపళ్ళు నూతి గట్టుమీద పెట్టి, కాళ్ళు కడుక్కుంటున్నాడు. పక్కన గార్డులు మోసుకెళ్ళే నల్ల రేకుపెట్టె.

"నాను పైడిరాజునండి. ఇప్పుడే డ్యూటీ దిగినాను. జొరం తగ్గిందో లేదో కనుక్కుని ఎల్లిపోదామని," అన్నాడు.

అమ్మ తడబడి ఏదో చెప్పబోయింది. అమ్మమ్మ అరుగు మీంచి, "జొరమూ లేదు, గిరమూ లేదు నాయినా," అనేసింది. నోట్లో చుట్ట ఉండగా ఆవిడకి అబద్ధం వచ్చేది కాదు, చుట్ట లేనప్పుడు అసలు వచ్చేది కాదు. సినిమాకి వెళ్ళడం దగ్గర్నించి మొత్తం చెప్పేసింది. గార్డు పెళ్ళాం కథ కూడా చెప్పింది. పైడిరాజు తడి మొహం తుడుచుకోకుండా విన్నాడు. కోపం వస్తుందేమోనని నేను తలుపు వెనక నుంచి చూస్తున్నాను. ఆయన అంతా విని, "ఆ బొమ్మ ఇంకా ఆడతందా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఆ రోజే ఆఖరు. లోపల్నించి పిన్ని గొంతు వచ్చింది, మనిషి రాలేదు. "ముందు సూడమను అమ్మా. సూసినాక మాటాడదాం."

పెళ్ళి కాని పిల్లని పరాయి మగాడితో సినిమాకి పంపడమా అని అమ్మ తల పట్టుకుంది. అమ్మమ్మ అప్పటికే చీర మార్చుకుంటోంది. "నాను లేనేటి? ఈ గుంట లేదేటి?" అంది. అమ్మ ఆయనకి చద్దన్నంలో మజ్జిగ పోసి ఉల్లిపాయ పెట్టింది, నాన్న ఉతికిన చొక్కా ఒకటి ఇచ్చింది. ఇలా నేను అదే దెయ్యాన్ని రెండోసారి చూడటానికి వెళ్ళాను.

బెంచీకి ఈ చివర పైడిరాజు, తర్వాత అమ్మమ్మ, తర్వాత నేను, ఆ చివర పిన్ని. అమ్మమ్మ కథ మొదలుపెట్టింది. ఆయన కాసేపు అడ్డం వచ్చాడు. "గార్డు ఎర్రదీపం సూపిత్తే డ్రైవరు బండి ఆపీయాలమ్మా. ఈడు ఆపలేదు. దెయ్యం సంగతి తర్వాత, ఈ డ్రైవర్ని ముందు పనిలోంచి తీసీయాల." అమ్మమ్మకి ఒళ్ళు మండింది. ఇంకో మాట అనబోయి చూస్తే ఆయన తల వాలిపోయింది. రెండు రోజులు నిద్ర లేని మనిషి, తినగానే చల్లటి నీడ దొరికింది. రొట్టె నేలమీద పడే సమయానికి గురక మొదలైంది. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని తెరని చూడటం లేదు. ముందుకి వంగి, మమ్మల్నిద్దర్నీ దాటి, నిద్రపోతున్న ఆ మనిషి చేతుల్ని చూస్తోంది. కడుక్కున్నా గోళ్ళ సందుల్లో ఎర్రదుమ్ము పోలేదు. అప్పుడే వెనక గోడ అవతల నిజం రైలు కూత వేసుకుంటూ పోయింది, గోడ అదిరింది, హాలంతా కెవ్వుమంది. ఆయన ఒక్కడే కళ్ళు సగం తెరిచి, "ఖనిజం బండి, రెండింజన్లు," అని మళ్ళీ పడుకున్నాడు. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం నేను చూశాను.

ఆట వదిలాక హాలు ముందు గోళీసోడా బండి దగ్గర నిలబడ్డాం. పైడిరాజు తప్పు చేసినవాడిలా, "నిద్దరొచ్చీసింది," అన్నాడు.

అంతవరకూ ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడని పిన్ని నేలకేసి చూస్తూ అడిగింది. "మీకు బయమెయ్యలేదా?"

"ఇక్కడెందుకూ? ఇంతమంది ఉన్నారు కదా," అన్నాడు ఆయన. తర్వాత సోడా సీసా చేతుల్లో తిప్పుతూ మళ్ళీ తనే చెప్పాడు. "బయం డ్యూటీలో ఏత్తాది. బండి సివర మా గార్డు పెట్టె, బ్రేక్‌వ్యానులో లైటుండదు, నా సేతిలాంతరే. బొర్రా దగ్గర సొరంగాలు ఒకదాని ఎనక ఒకటి. లాంతరారిపోతే నా సెయ్యి నాకు కనపడదు. పళ్ళు బిగపట్టుకుని కూకుంతాను. కొత్తల్లో ఓసారి ఏడిసినాను కూడా."

ఒక మగాడు, అదీ పెళ్ళిచూపుల్లాంటి చోట, నాకు భయమేస్తుంది, ఏడిచాను అని చెప్పడం నేను అప్పటిదాకా వినలేదు. నాన్న తేలుని చూసి కూడా నవ్వే రకం. పిన్ని మొదటిసారి తలెత్తి ఆయన మొహం చూసింది.

"నెల్లో ఎన్ని రోజులు ఇంటికాడ ఉంతారు?"

"సెప్పలేను. అబద్దం సెప్పమంటే సగం రోజులంటాను. అంత కూడా రాలేను."

"నాను గుమ్మంలో కూకుని ఎదురుసూడలేను. టైపు పాసవుతాను, ఉద్యోగం సేత్తాను. మీరొచ్చే టయానికి నాను ఇంట్లో ఉండకపోతే?"

ఆయన సోడా అంతా తాగేదాకా ఆలోచించాడు. ఏదో గొప్పగా చెబుతాడని నేను ఎదురుచూశాను. సీసా బండివాడికి ఇచ్చి, మూతి తుడుచుకుని, "తాళంచెవి ఎక్కడెడతావో సెప్పు సాలు," అన్నాడు. "తీసుకుని లోపలికెల్లి అన్నం వండుకుంతాను. నీకూ వండుతాను."

చుట్ట వెలిగిస్తున్న అమ్మమ్మ అగ్గిపుల్ల చెయ్యి కాలేదాకా పట్టుకుంది. "నీకు వంటొచ్చా నాయినా?"

"బ్రేక్‌వ్యానులో స్టవ్వు మీద వండుకుంతానమ్మా. పప్పొక్కటే సరిగ్గా ఉడకదు, కుదుపులకి."

ఆ సాయంత్రం పిన్ని అనాసపండు కోస్తూ, "అప్పా, ముహూర్తం ఎట్టించు," అంది. అమ్మ ఈసారి కారణం అడగలేదు, అడిగితే మళ్ళీ మారుతుందేమోనని.

అంతా తీపిగా గడిచిపోయిందని చెప్పను. పిన్ని టైపు పాసై పోర్టు ఆఫీసులో చేరింది, రిటైరయ్యేదాకా చేసింది. క్వార్టర్సులో మీటరు పెట్టె మీద తాళంచెవి ఉండేది. తను ఆఫీసు నుంచి వచ్చేసరికి కొన్ని రోజులు అన్నం వండి ఉండేది, పప్పు స్టవ్వు కదలకపోయినా ఉడికేది కాదు. చాలా రోజులు తాళంచెవి పెట్టినచోటే ఉండేది. కొడుకు పుట్టిన నాడు బాబాయి కొండల మీద సిమిలిగూడలో ఆగిపోయిన బండిలో ఉన్నాడు. మూడో రోజుకి వచ్చాడు. పిన్ని ఆయనతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. పిల్లాణ్ణి చూసుకోవడానికి వెళ్ళిన అమ్మమ్మ అల్లుణ్ణి వెనకేసుకొచ్చి తిట్లు తింది. సొరంగాల భయం ఆయనకి పోనేలేదు. వచ్చిన ప్రతిసారీ లాంతరు ఎక్కడ ఆరిందో చెప్పేవాడు, పిన్ని బియ్యం ఏరుతూ వినేది.

అమ్మమ్మ పోవడానికి ముందు ఏడాది, బాబాయి ఆవిణ్ణీ పిన్నినీ కలకత్తా తీసుకెళ్ళాడు. ఆవిడ అడగలేదు, ఆయనే అనుకున్నాడు. తాతయ్య పనిచేసిన మిల్లు కనుక్కోవడానికి ఒక రోజంతా తిరిగారట. అప్పటికి అది మూతపడి ఉంది. తుప్పు పట్టిన గేటు ముందు అమ్మమ్మ చాలాసేపు నిలబడింది. గేటు సందులోంచి లోపలికి చూసింది. లోపల గడ్డి, ఇటికల పొగగొట్టం, రెండు మేకలు. "ఇంతేటి?" అంది. చుట్ట వెలిగించింది, తాగినంతసేపు అక్కడే ఉంది, తర్వాత "పదండి," అంది. తిరుగు బండిలో ఆకలేస్తోందని రెండు పొట్లాల పూరీలు తిందని, కిటికీ పక్క సీటు కోసం పిన్నితో దెబ్బలాడిందని బాబాయి చెబుతుంటాడు.

ఇప్పుడు ఆ హాలు లేదు, కింద బట్టల షాపులు, పైన అపార్టుమెంట్లు. గూడ్సు బండ్లకి గార్డుల్ని కూడా తగ్గించేస్తున్నారని, చివర్లో ఏదో యంత్రం తగిలిస్తున్నారని బాబాయి కిటికీ దగ్గర్నించి చెప్పాడు. దానికి పప్పు వండుకునే పని లేదు గనక నయమే అన్నాడు. మాకు ఒక సినిమా అర్థం కావడానికి యాభై ఏళ్ళు పట్టింది. మౌనికకి ఏదైనా అర్థం కాకుండా పది నిమిషాలు కూడా గడవవు, అక్షరాలు కింద పడుతూనే ఉంటాయి. అది మంచిదే. అమ్మమ్మ పక్కన కూర్చుని తప్పుగా అర్థం చేసుకునే సుఖం దానికి లేదని మాత్రం కాస్త జాలేసింది.

సినిమా అయిపోయింది. తెల్లగడ్డం ఆయన చచ్చిపోయాడు, డాక్టరు బతికింది. మౌనిక టీవీ ఆపి, పిన్ని దగ్గరికి జరిగి కూర్చుంది. దానికి ఒక సంబంధం చూస్తున్నాం. ఆ అబ్బాయి బెంగుళూరులో పనిచేస్తాడు, నెలరోజులుగా ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఏ కూర ఇష్టం, ఏ ఊరు చూడాలనుంది లాంటివి చాలా అడిగిందని నాకు తెలుసు.

"అయితే తాతమ్మా, మీ అమ్మ ఆ కథ చెప్పకపోయుంటే నువ్వు తాతని చేసుకునేదానివేనా?"

"సేసుకుందును. ఫొటో సూసి ఒప్పుకున్నాను కదే," అంది పిన్ని. "ఒక్క మాట కూడా అడక్కుండా సేసుకుందును. మాకు అడగొచ్చని ఎవులు సెప్పినారు?"

"కానీ అడిగితే మాత్రం ఏం మారింది? ఎలాగూ తాత నెల్లో సగం రోజులు కూడా ఇంట్లో లేడు కదా."

పిన్ని కిటికీ వైపు చూసింది. బాబాయి వింటున్నాడో లేదో తెలియదు, ఆయనకి ఆ పక్క చెవి వినపడదు.

"లేడు," అంది. "గాని ఉండనని ముందే సెప్పినాడు."

మౌనిక ఫోను తీసి ఆ బెంగుళూరు అబ్బాయికి ఏదో రాయడం మొదలుపెట్టింది. రాసింది చెరిపేసి మళ్ళీ రాసింది. ఏం అడుగుతున్నావని నేను అడగలేదు.